చేతి సంచికి ఏడు కిలోలు: చవక విమానం ఎక్కేముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సిన లెక్క

చవక విమానాల టికెట్ మీద "క్యాబిన్ 7 కేజీ" అన్న ముక్క అందరూ చూస్తారు. ఆ ఏడు కిలోల్లో బ్యాగు సొంత బరువు కూడా కలిసే ఉంటుందన్న సంగతి మాత్రం చాలామందికి కౌంటర్ దగ్గర త్రాసు మీద పెట్టాకే తెలుస్తుంది. చక్రాలు, లాగే హ్యాండిల్ ఉన్న గట్టి ట్రాలీ ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. అంటే మన సామానుకు మిగిలేది నాలుగు కిలోలు, మహా అయితే నాలుగున్నర. అదే మామూలు గుడ్డ బ్యాక్‌ప్యాక్ అయితే కిలో లోపే ఉంటుంది కాబట్టి ఆరు కిలోల సామాను పడుతుంది. పెళ్లిళ్లలో కానుకగా వచ్చిన ట్రాలీ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, చవక విమానానికి అది ఖరీదైన బ్యాగు.

నరసన్నపేట నుంచి వెళ్లేవాళ్లకు ఈ లెక్క ఇంకాస్త ముఖ్యం. ఇక్కడి నుంచి విశాఖ విమానాశ్రయం నూరు కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు బరువు ఎక్కువైతే తమ్ముడో బావో వచ్చి మిగిలిన సామాను ఇంటికి పట్టుకెళ్తాడు. మనవాళ్లను దింపిన కారు అప్పటికే తగరపువలస దాటేసి ఉంటుంది. అప్పుడు మిగిలేవి రెండే దారులు. అడిగినంత కట్టడం, లేదా అమ్మీ ప్రేమగా కట్టిచ్చిన డబ్బా అక్కడే చెత్తబుట్ట పక్కన వదిలేయడం. రేపు భోగాపురం నుంచి ఎక్కినా దూరం తగ్గుతుందేమో గానీ రూల్ మారదు.

మన జిల్లా ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. అయినా ఈ బరువు, సైజు లెక్కలు ప్రధానంగా విమాన కంపెనీలు తమకు తాము పెట్టుకునేవి. ప్రభుత్వం వైపు నుంచి వచ్చేది సంచుల సంఖ్య. భద్రత చూసే బీసీఏఎస్ 2000 సంవత్సరం నుంచే ఒక ప్రయాణికుడికి ఒక్క చేతి బ్యాగు అని చెబుతోంది. ఆ ఒక్క బ్యాగు లెక్కలోకి రానివి కొన్ని ఉన్నాయి: ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు, ల్యాప్‌టాప్, దుప్పటి లేదా కోటు, చదువుకునే పుస్తకాలు, గొడుగు లేదా చేతికర్ర, పసిపిల్లల పాల సామాను, మడత పెట్టే వీల్‌చైర్, డ్యూటీ ఫ్రీ షాపులో కొన్న వస్తువు. పెద్దవాళ్ల చేతికర్రను ఎవరైనా బ్యాగుగా లెక్కేస్తే ధైర్యంగా అడగొచ్చు.

మూడు పరీక్షలు

కాబట్టి చేతి సంచి నెగ్గాల్సిన పరీక్షలు మూడు: బరువు, సైజు, సంఖ్య. ఒకదానిలో పాసైతే మిగతావి మాఫీ కావు. నాలుగు కిలోలే ఉన్నా పొడుగు ఎక్కువైతే ఆపుతారు. చిన్నదే అయినా ఎనిమిది కిలోలు తూగితే ఆపుతారు.

మన దేశంలో ఇండిగో, స్పైస్‌జెట్, ఆకాశ ఎయిర్ మూడింటిలోనూ 7 కిలోలు, 55 × 35 × 25 సెంటీమీటర్లు అన్నది మామూలు కొలత. ఈ సెంటీమీటర్లలో చక్రాలు, హ్యాండిల్, బయటి జేబులు అన్నీ కలుస్తాయి. బజార్లో "20 ఇంచులు" అని అమ్మే ట్రాలీల్లో కొన్నింటికి చక్రాలు వదిలేసి కొలత చెబుతారు. టేపు పెట్టి నేల నుంచి పైదాకా కొలుచుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఇరవై రెండు ఇంచుల ట్రాలీ అయితే ఆలోచించక్కర్లేదు, అది పెద్ద సామానులోకి పోవాల్సిందే.

తేడా వచ్చేది రెండో సంచి దగ్గర. ఇండిగోలో 7 కిలోల బ్యాగుతో పాటు 3 కిలోల దాకా ఇంకో చిన్న సంచి, అంటే ల్యాప్‌టాప్ బ్యాగు గానీ లేడీస్ హ్యాండ్‌బ్యాగు గానీ పట్టుకెళ్లొచ్చు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో రెండు సంచులు ఉండొచ్చు గానీ రెండూ కలిపి 7 కిలోలే. షార్జా వెళ్లే ఎయిర్ అరేబియా 10 కిలోలు ఇస్తుంది. వినడానికి ఎక్కువే. కానీ ఆ పదిలోనే పెద్ద సంచి, చిన్న సంచి, డ్యూటీ ఫ్రీ కవరు అన్నీ ఇమడాలి. పైగా కొలత 55 × 40 × 20, అంటే వెడల్పు కాస్త ఎక్కువ, మందం తక్కువ. ఇండిగోలో 25 మందంతో నెగ్గిన ఉబ్బిన బ్యాగు ఇక్కడ పెట్టెలో దూరకపోవచ్చు. విశాఖ నుంచి సింగపూర్ వైపు వెళ్లే స్కూట్‌లో కూడా రెండు సంచులకు కలిపి 10 కిలోలు. కౌలాలంపూర్ ఎయిర్ ఏషియాలో రెండూ కలిపి 7.

అందుకే "పోయినసారి ఇదే బ్యాగు పట్టుకెళ్లాం, ఎవరూ ఏమీ అనలేదు" అన్న మాట పనికిరాదు. పోయినసారి కంపెనీ వేరు. ఒకవేళ కంపెనీ అదే అయినా, ఆ రోజు విమానం సగం ఖాళీగా ఉండి ఉంటుంది. ఇండిగో ఎయిర్‌బస్ ఏ320 నియోలో 186 సీట్ల వరకు ఉంటాయి. అన్నీ నిండిన రోజున అందరూ ఒక్కో ట్రాలీ తెస్తే పైన అరల్లో జాగా ఉండదు. అలాంటి రోజునే సిబ్బంది త్రాసు బయటకు తీస్తారు. పండగల ముందు, రంజాన్ నెలలో ఉమ్రా రద్దీలో, వేసవి సెలవుల్లో ఇది ఎక్కువ.

రెండు టికెట్ల తిప్పలు

నరసన్నపేట, టెక్కలి, సోంపేట వైపు నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లలో చాలామందికి ప్రయాణం రెండు ముక్కలు: విశాఖ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి గల్ఫ్. రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే అంతర్జాతీయ ప్రయాణానికి ఇచ్చే పెద్ద సామాను లెక్కే మామూలుగా మొదటి విమానానికీ వర్తిస్తుంది. ఏజెంటు చవకగా వస్తుందని రెండు టికెట్లు విడివిడిగా కొడితే మాత్రం విశాఖలో దేశీయ లెక్కే, అంటే మామూలుగా 15 కిలోలు. గల్ఫ్ టికెట్ మీద 30 కిలోలు ఉన్నాయని చూపిస్తే విశాఖ కౌంటర్‌లో ఒప్పుకోరు, అది వాళ్ల టికెట్ కాదు. తేడా పదిహేను కిలోలకు కిలో లెక్కన కట్టాలి. కట్టలేక ఆ బరువును చేతి సంచిలోకి తోస్తే అక్కడ ఇంకో దెబ్బ. విడి టికెట్ల మీద మిగిలిన వెయ్యో పదిహేను వందలో ఒక్క కౌంటర్ దగ్గరే పోతాయి.

చేతి సంచికైతే సూత్రం సులువు. దారిలో ఎన్ని విమానాలుంటే అన్నింటిలోకీ తక్కువ బరువు, తక్కువ సైజు ఏదో దానికి తగ్గట్టు సర్దాలి. వెళ్లేటప్పుడు 10 కిలోల కంపెనీ, వచ్చేటప్పుడు 7 కిలోల కంపెనీ అయితే ఏడే మీ లెక్క.

2021 ఫిబ్రవరిలో డీజీసీఏ పెద్ద సామాను లేనివాళ్లకు టికెట్ తగ్గించి అమ్ముకోవచ్చని కంపెనీలకు చెప్పింది. ఆ తర్వాత చేతి సంచితో మాత్రమే వెళ్లే టికెట్లు వచ్చాయి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2024లో తెచ్చిన "ఎక్స్‌ప్రెస్ లైట్" అలాంటిదే. దాన్ని తెచ్చినప్పుడు ముందే బుక్ చేసుకున్నవాళ్లకు చేతి సంచిలో అదనంగా 3 కిలోలు ఉచితం అని కూడా పెట్టింది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి మర్నాడు తిరిగొచ్చే కుర్రాడికి ఇది మంచి బేరం. రెండేళ్ల వీసా మీద దమ్మామ్ వెళ్లేవాడికి కాదు. వెతికేటప్పుడు ఫోన్‌లో పైన కనిపించే అతి తక్కువ ధర ఒక్కోసారి ఈ రకానిదే అయి ఉంటుంది. "చెక్-ఇన్ బ్యాగేజీ" అన్న చోట సున్నా ఉందేమో చూసుకోకుండా డబ్బు కట్టొద్దు. పెద్ద సామాను కావాలంటే టికెట్‌తోనే, లేదంటే కనీసం బయల్దేరే ముందురోజు ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. అదే బరువుకు కౌంటర్ దగ్గర ధర వేరు.

ఉమ్రా జంట లెక్క

ఉదాహరణకు హైదరాబాద్ నుంచి షార్జా మీదుగా జిద్దా వెళ్లే భార్యాభర్తలను తీసుకుందాం. ఇద్దరికీ చెరి పది కిలోలు. విశాఖ నుంచి హైదరాబాద్‌కు వేరే కంపెనీలో రెండు సంచులకూ కలిపి ఏడు. పైన చెప్పుకున్నట్టు తక్కువదే లెక్క కాబట్టి చెరి ఏడు. గుడ్డ సంచి ఒక కిలో తీసేస్తే మిగిలేది ఆరు.

ఈ ఆరు కిలోల్లో మొట్టమొదట పెట్టాల్సింది ఇహ్రామ్. కొందరు కొత్త బట్టలతో పాటు దాన్ని పెద్ద సూట్‌కేసులో అడుగున పెట్టేస్తారు. హైదరాబాద్ నుంచి నేరుగా జిద్దా విమానమైతే మీఖాత్ గాల్లోనే దాటిపోతుంది, కాబట్టి ఎక్కేముందే ఇహ్రామ్ కట్టుకోవాలి. షార్జాలోనో దుబాయ్‌లోనో విమానం మారేవాళ్లు అక్కడ కట్టుకుంటామనుకుంటారు, కానీ సూట్‌కేసు వాళ్ల చేతికి జిద్దాలోనే వస్తుంది. తువ్వాలు గుడ్డ ఇహ్రామ్ జత కిలో దాటుతుంది, పలచటి నూలుది తేలిక. వయసు పైబడినవాళ్లకు మోయడానికీ అదే నయం. ముందు మదీనా వెళ్లి తర్వాత మక్కా వెళ్లేవాళ్లకు ఈ తొందర లేదు.

తర్వాత మందులు, చీటీతో సహా. బీపీ, షుగర్ మాత్రలు మూడు నాలుగు రోజులకు సరిపడా కాదు, మొత్తం చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే మరీను, కింద సామాను గదిలో పెట్టకూడదు. ట్రామడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందుల మీద సౌదీ, యూఏఈలలో కట్టడి ఉంది. డాక్టర్ చీటీ లేకుండా వాటి జోలికి పోవద్దు. పాస్‌పోర్టు, వీసా కాగితం, డబ్బు, ఫోన్ చార్జర్, ఒక జత బట్టలు, తస్బీహ్, చిన్న సైజు ఖుర్ఆన్ షరీఫ్ పెట్టుకున్నాక కూడా కిలో కిలోన్నర మిగులుతుంది. జానమాజ్ బరువుదైతే పెద్ద సూట్‌కేసులోకి, పలచటిదైతే భుజం మీదకు. ఒంటి మీద వేసుకున్న స్వెట్టర్, షాలు ఎవరూ తూచరు.

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్ల సంగతి వేరు. వాళ్లు విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో ప్రత్యేక విమానాల్లో వెళ్తారు. 2023 నుంచి విజయవాడ కూడా బయల్దేరే కేంద్రమైంది. వాళ్ల బ్యాగుల సైజు, బరువు కమిటీ తన సూచనల్లోనే చెబుతుంది. అక్కడా చేతి సంచి 7 కిలోలే.

గేటు దగ్గర బ్యాగు తీసుకుంటే

అరలు నిండిపోతే గేటు దగ్గరో విమానం మెట్ల దగ్గరో సిబ్బంది మీ చేతి బ్యాగుకు ట్యాగు కట్టి కిందకు పంపేస్తారు. చిన్న ఏటీఆర్ విమానాల్లో ఇది దాదాపు మామూలే. బరువు, సైజు రూల్ ప్రకారమే ఉంటే దీనికి డబ్బు అడగరు. కానీ ఆ నిమిషంలో కంగారు పడి బ్యాగు అలాగే ఇచ్చేయడం ప్రమాదం. దేశీయ ప్రయాణంలో సామాను పోతే విమాన కంపెనీ బాధ్యతకు గరిష్ఠ పరిమితి ప్రయాణికుడికి 20,000 రూపాయలు. నిఖాకు వెళ్తూ బ్యాగులో పెట్టిన నగలకు ఆ డబ్బు ఏ మూలకు? అందుకే చేతి బ్యాగు లోపల ఇంకో చిన్న గుడ్డ సంచి పెట్టి అందులో బంగారం, పాస్‌పోర్టు, మందులు, డబ్బు, ఫోన్, పవర్ బ్యాంకు వేసుకుంటే ట్యాగు కట్టేటప్పుడు దాన్ని లాగేసుకోవచ్చు. విమానాల్లో తరచూ తిరిగే వ్యాపారులు చేసేది ఇదే.

పవర్ బ్యాంకు బయటకు తీయడం కేవలం దొంగతనం భయంతో కాదు. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే మనుషులున్న చోట ఆర్పగలరు, కింద సామాను గదిలో కష్టం. అందుకే పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా ఒప్పుకుంటారు. దాని మీద ఎంఏహెచ్ అంకె ఉంటుంది కదా, దాన్ని 3.7తో హెచ్చవేసి 1000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74, ఫర్వాలేదు. అంకెలు అరిగిపోయి కనిపించకపోతే తనిఖీ దగ్గర తీసేసుకోవచ్చు. విమానంలో దాన్ని వాడటం మీద కూడా కట్టడి పెరుగుతోంది. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది.

మన పక్క తిండి సామాను

అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలో ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన జిప్ కవరులో పట్టాలి. సీసా సైజు ముఖ్యం, లోపల ఎంత ఉందన్నది కాదు. 200 మిల్లీల సీసాలో సగమే అత్తర్ ఉన్నా తీసేస్తారు. చిన్న అత్తర్ సీసాలకు ఇబ్బంది లేదు. పసిబిడ్డ పాలు, చీటీ ఉన్న మందులకు మినహాయింపు ఉంది.

ఆవకాయ, నెయ్యి, నూనె కారే పచ్చళ్లు, కారప్పొడి చేతి సంచిలో వద్దు. గట్టిగా ప్యాక్ చేసి పెద్ద సూట్‌కేసులో పెట్టుకోవాలి. పలాస జీడిపప్పు హాయిగా చేతిలోనే పట్టుకెళ్లొచ్చు. ఉద్దానం కొబ్బరి సంగతి మాత్రం మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, తేలిగ్గా మండుతుంది. 2022 మార్చిలో దాన్ని నిషేధిత వస్తువుల్లో చేర్చారు, చేతి సంచిలోనూ వద్దు, పెద్ద సామానులోనూ వద్దు. ఇంకోటి గసగసాలు. బిర్యానీకీ ఖుర్మాకీ మన ఇళ్లలో మామూలే గానీ యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో వాటిని మత్తు పదార్థాల కింద చూస్తారు. ఇంట్లో నూరిన మసాలాలో ఒక చెంచా కలిపినా చిక్కే.

జమ్‌జమ్ నీళ్లు

తిరుగు ప్రయాణంలో ఎక్కువ గొడవ జమ్‌జమ్ డబ్బా దగ్గరే. ఐదు లీటర్ల డబ్బా చేతిలో క్యాబిన్‌లోకి రాదు. సూట్‌కేసు లోపల బట్టల మధ్య సీసాలు దాచి పెట్టడాన్నీ సౌదీ విమానాశ్రయాల్లో ఒప్పుకోరు. విమానాశ్రయంలో అమ్మే సీలు వేసిన అట్టపెట్టె డబ్బానే విడిగా సామానులో వేయించాలి. దాన్ని ఉచితంగా తీసుకుంటారా, మీ బరువులో కలుపుతారా అన్నది కంపెనీని, టికెట్‌ను బట్టి మారుతుంది. చవక కంపెనీ అయితే బుకింగ్ రోజే అడిగి రాయించుకోవడం మంచిది.

2019 జులైలో ఎయిర్ ఇండియా జిద్దా కార్యాలయం రెండు విమానాల్లో జమ్‌జమ్ డబ్బాలు తీసుకోబోమని ప్రకటించింది. అందులో ఒకటి జిద్దా నుంచి హైదరాబాద్ మీదుగా ముంబై వెళ్లేది, ఇంకోటి కొచ్చిది. చిన్న విమానాలు పెట్టాం, జాగా లేదు అన్నది కారణం. హాజీల నుంచి నిరసన రావడంతో కొద్దిరోజుల్లోనే కంపెనీ విచారం చెప్పి, అనుమతించిన బరువులో తెచ్చుకోవచ్చని సర్దుకుంది. అడిగితే మారుతుందనడానికి అదొక దాఖలా. హజ్ కమిటీ యాత్రికులకు మాత్రం ఈ బెంగ లేదు, తిరిగొచ్చాక ఇక్కడి విమానాశ్రయంలోనే ఐదు లీటర్లు ఇస్తారు.

అదనపు డబ్బు అడిగితే

అసలు చేతి సంచికి డబ్బు అడగొచ్చా? యూరప్‌లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. సబబైన బరువు, సైజు ఉన్న చేతి సంచి ప్రయాణంలో భాగమే, దానికి వేరే ధర పెట్టకూడదని యూరోపియన్ కోర్టు 2014లోనే అంది. 2024 నవంబర్‌లో స్పెయిన్ ప్రభుత్వం ఇలాంటి వసూళ్లు, ఇతర పద్ధతుల మీద ఐదు చవక కంపెనీలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. అయినా అక్కడ చదువుకునే మన పిల్లలు జాగ్రత్తగా ఉండాల్సిందే. ర్యాన్ఎయిర్‌లో ఉచితంగా ఒప్పుకునేది సీటు కింద పట్టే 40 × 30 × 20 సంచి ఒక్కటే.

ఇక్కడ 7 కిలోలు దాటితే డబ్బు అడిగే హక్కు కంపెనీకి ఉంది, టికెట్ షరతుల్లోనే అది రాసి ఉంటుంది. గొడవ పడితే లాభం లేదు. 2025 జులైలో శ్రీనగర్ విమానాశ్రయంలో 16 కిలోల చేతి సామానుతో వచ్చిన ఒక ప్రయాణికుడు డబ్బు కట్టమన్నందుకు స్పైస్‌జెట్ సిబ్బందిని తీవ్రంగా కొట్టాడని కేసు నమోదైంది. మనం అడగాల్సింది రశీదు, చూడాల్సింది త్రాసు. కిరాణా కొట్టు త్రాసుకు ఉన్నట్టే డబ్బు వసూలు చేసే ఏ త్రాసుకైనా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. వ్యాపారాల ఊరు కాబట్టి నరసన్నపేట వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఖాళీ త్రాసు సున్నా చూపిస్తోందా అని ముందు చూసి, తేడాగా అనిపిస్తే పక్క కౌంటర్‌లో మళ్లీ తూచమనొచ్చు. ఇంటి దగ్గరైతే కొక్కెం తగిలించే చిన్న డిజిటల్ త్రాసు చాలు. అదీ లేకపోతే మనిషి బరువు చూసే మిషన్ మీద బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి ఎక్కి తీసివేసుకోవచ్చు. అరకిలో తక్కువగానే ఉంచుకోండి, ఇంటి త్రాసూ విమానాశ్రయం త్రాసూ ఒకేలా చూపించవు.

కుటుంబం నలుగురూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే పెద్ద సామానును చాలా కంపెనీలు కలిపి చూస్తాయి. చేతి సంచికి ఆ వెసులుబాటు లేదు, ఒకరిది తొమ్మిది, ఇంకొకరిది ఐదు ఉంటే తొమ్మిది కిలోలవాళ్లను ఆపుతారు. త్రాసు దగ్గరకు వెళ్లకముందే పక్కకు జరిగి, రెండు కిలోలు అటు మార్చేస్తే సరి.

రూల్ ప్రకారమే ఉన్నా డబ్బు లాగారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా, తర్వాత పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, విశాఖకో హైదరాబాద్‌కో తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు విలువైన కేసుకు ఫీజు లేదు. టికెట్, బోర్డింగ్ పాస్, కట్టిన డబ్బుకు రశీదు, త్రాసు మీద అంకె ఫోటో దగ్గర పెట్టుకుంటే చాలు.